సూదిలో దారం ఎక్కించే చేతులు

ఆసుపత్రిలో నర్సమ్మ ఒక కొత్త పేషంటును తెచ్చి నా పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. "ఈ అంకుల్‌ని అడగండి. మీకు చేయబోయే ఆపరేషనే ఈయనకూ అయింది. సంచి పని మొత్తం తనే చేసుకుంటారు" అని చెప్పింది. అప్పుడు మా ఆవిడ నా వెనకే నిలబడి ఉంది. ఆమె చేతిలో ఒక గుడ్డ సంచీ, అందులో నాకు మార్చాల్సిన సామానంతా ఉంది. ఆమె ఏమీ అనలేదు. నేనూ కాదనలేదు. కాదనకపోగా గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"ఏం గాదు తమ్మీ. గోడ గడియారంల సెల్లు మార్చినంత పని. ధైర్నం ఉండాలె. మన పని మనం చేసుకోవాలె, ఒకళ్ల మీద పడొద్దు."

ఆ మనిషి కళ్లనిండా నీళ్లతో నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి అప్పటిదాకా నా పొట్ట మీది సంచిని ఒక్కసారి కూడా విప్పి ఎరగదు.

సంగతేమిటో చెప్పాలి. నాకు పెద్దపేగు చివర కాన్సర్ వచ్చింది. ఆ ముక్క తీసేసి, మిగిలిన పేగు కొసను పొట్టకు ఎడమ పక్కన చిన్న రంధ్రం చేసి బయటికి తెచ్చారు. ఇక జన్మకు అదే దారి. డాక్టర్లు దాన్ని స్టోమా అంటారు. మా ఆవిడ మొదటిరోజు దాన్ని చూసి, "మందార మొగ్గ లెక్క ఉన్నది" అంది. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు మొగ్గ. మొగ్గ చుట్టూ చర్మానికి అంటుకునే బిళ్ల ఒకటి ఉంటుంది. ఆ బిళ్లకు సంచి తగిలిస్తారు. బిళ్ల మధ్యలో మొగ్గకు సరిపడా రంధ్రం కత్తెరతో మనమే కోసుకోవాలి. రంధ్రం పెద్దదైతే మలం చర్మం మీదికి చేరి పుండు పడుతుంది. చిన్నదైతే మొగ్గ ఒరుసుకుపోతుంది. ఉన్న పనితనమంతా ఆ కోతలోనే ఉంది.

నేను బతుకంతా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేశాను. ఇనుములో వెంట్రుకవాసి తేడాను వేలి కొసతో పట్టేవాణ్ని. అలాంటివాణ్ని, నా పొట్ట మీది బిళ్లకు రంధ్రం కోసే పని మాత్రం మా ఆవిడకు వదిలేశాను. స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, చొక్కా పైకెత్తి పట్టుకుని, తల పైకెత్తి వెంటిలేటర్ వంక చూసేవాణ్ని. ఆమె నేల మీద కూర్చుని తుడిచేది, కడిగేది, ఆరబెట్టేది, కొత్త బిళ్ల అంటించేది. నాకు సిగ్గు కాకూడదని చేస్తున్నంతసేపూ వేరే కబుర్లు చెప్పేది. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. సీతాఫల్‌మండిలో మా గల్లీలో ఎవరికి చంక దగ్గర పట్టేసింది, ఎవరు మెడ లోతు పెట్టమని అడిగి అత్తకు భయపడి మళ్లీ మూయించారు, అన్నీ నాకు ఆ స్టూలు మీదే తెలిసేవి. నేను ఊఁ కొట్టేవాణ్ని. కిందికి మాత్రం చూసేవాణ్ని కాదు. చూస్తే అది నాదవుతుందని భయం.

నాకు దొరికిన సాకు చేతులు. కీమో ఎక్కించే రోజుల్లో వేళ్లు నిజంగానే మొద్దుబారాయి. స్టీలు గ్లాసు ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టు ఉండేది. చొక్కా గుండీలు ఆమే పెట్టేది. తర్వాత మెల్లమెల్లగా స్పర్శ తిరిగొచ్చింది. పక్కింటివాళ్ల కుళాయి బాగుచేశాను, మిక్సీ విప్పి బిగించాను. స్నానాల గది దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "నా చేతుల సంగతి నీకెర్కే గదనే" అనేవాణ్ని. నిజం దేవుడెరుగు, నీరు పల్లమెరుగు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పొద్దున చాయ్ తాగాక ఆమె మిషన్ ముందు కూర్చుని, "ఏమయ్యా, జెర దారం ఎక్కియ్యరాదు" అని పిలిచేది. నేను వెళ్లి దారం కొస నోట్లో తడిపి, ఒక్క ఊపులో సూది బెజ్జంలోకి ఎక్కించేవాణ్ని. "ఫిట్టర్ చెయ్యి అంటే గిట్లుంటది" అని మీసం దువ్వేవాణ్ని. ఆమె నవ్వేది. పొద్దున్నే పెళ్లాన్ని నవ్వించానన్న తృప్తితో పేపరు ముందు కూర్చునేవాణ్ని.

ఎండలు ముదిరేసరికి బిళ్ల కింద చర్మం మండడం మొదలైంది. దురద, ఎరుపు, ఆ తర్వాత పచ్చిపుండు. పుండు మీద బిళ్ల అతకదు. అతకకపోతే కారుతుంది. తెలిసినవాళ్ల గృహప్రవేశంలో బంతిలో కూర్చుని పప్పన్నం కలుపుతుండగా పొట్ట పక్కన వెచ్చగా తగిలింది. కారిందని అర్థమైంది. పక్కవాడు ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. విస్తరి ముందు నుంచి లేచి బయటికొచ్చేశాను. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, నా ఏడుపంతా ఆ పక్కవాడు చూశాడనే. ఆ కోపం ఆటోలో ఆమె మీద తీర్చుకున్నాను.

"ఒక్క బొక్క సక్కగ కొయ్యరాదా నీకు? గల్లీల అందరి జాకెట్లు కుడ్తవ్, మొగని కాడికొస్తే సోయుండదా?"

డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నాడు. ఆమె కొంగు సర్దుకుని, "ఈపారి మంచిగ చూసి కోస్త" అంది, అంతే. ఆమెకు అన్నిటికంటే కష్టమైంది ఆ చూడడమేనని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ వారమే ఆసుపత్రికి వెళ్లాం. అదే నర్సమ్మ. బిళ్ల విప్పి పుండు చూసి, "అయ్యో అంకుల్, ఎప్పట్నుంచి?" అంది.

"మా ఆమెకు ఈమధ్య ధ్యాస ఉంటలేదు. అడ్డదిడ్డం కోస్తున్నది" అన్నాను.

నర్సమ్మ నా ముఖంలోకి చూసింది. "మీరే చేసుకుంటారు కదా?"

నాకు వెంటిలేటర్ వంక చూడడం అలవాటు. అక్కడ వెంటిలేటర్ లేకపోతే ట్యూబులైటు వంక చూశాను.

నర్సమ్మ మా ఆవిడ చేతికి కొత్త బిళ్ల, కత్తెర ఇచ్చి, ఇంట్లో ఎలా కోస్తుందో అలాగే కోసి చూపించమంది. మా ఆవిడ గుడ్డ సంచీలో వెతికి, పోయినసారి బిళ్ల వెనక నుంచి ఒలిచిన, రంధ్రం ఉన్న కాగితం తీసింది. కొత్త బిళ్ల మీద దాన్ని పరిచి, రంధ్రం అంచు వెంట బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కింది. ఆ నొక్కును తడుముతూ కత్తెర నడిపింది. ఆది జాకెట్టు పరిచి కొత్త గుడ్డ కత్తిరించే పద్ధతే.

నాలోని ఫిట్టరు ఊరుకుంటాడా? "గిట్లనా నువ్వు కోసేది? పోయినసారి దానితోని ఈసారిది, ఈసారి దానితోని వచ్చేసారిదా? ఆది ఎప్పుడు ఒక్కటే ఉండాలె, మొదటిది. ముక్క మీద ముక్క కొలుచుకుంట పోతే వెంట్రుకంత వెంట్రుకంత పెరిగి ఏడికి పోతదో ఎర్కేనా? వర్క్‌షాపుల పోరగాళ్లకు మొదటిరోజు చెప్పే ముచ్చట ఇది!"

చెప్పింది నిజమే. నర్సమ్మ కొలిచి చూస్తే రంధ్రం మొగ్గకంటే బాగా పెద్దదైపోయి ఉంది. గెలిచినట్టు అందరి వంకా చూశాను. నర్సమ్మ నావైపు చూడలేదు. మా ఆవిడ పక్కన కూర్చుని నెమ్మదిగా, "అమ్మా, బిళ్ల వెనక గుండ్రంగా గీతలు అచ్చేసి ఉంటాయి కదా, నంబర్లతో. వాటి వెంబడి కోస్తే సరిపోయేది. కాగితం ఎందుకు?" అని అడిగింది.

మా ఆవిడ బిళ్లను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టుకుంది, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది.

"ఏ గీతలు బిడ్డా?" అంది.

నేను అప్పటిదాకా ఎత్తిపట్టుకున్న చొక్కా నా చేతిలోంచి జారిపోయింది.

ఆదివారం మా అమ్మాయి కాప్రా నుంచి వచ్చింది. బేగంపేటలో ఆఫీసు, ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఊపిరాడని బతుకు దానిది. వస్తూనే నా పక్కన కూర్చోకుండా ఎదురుగా నిలబడింది.

"నాయినా, అమ్మ రెండు కండ్లల్ల మోతెబిందు పొర ముదిరిందని డాక్టరు ఎండలు షురూ కాకముందే చెప్పిండు. నేనే తీస్కపోయిన. ఆపరేషన్‌కు తారీఖు సుత ఇచ్చిండు. అమ్మనే వద్దన్నది. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు ఏయించుకున్నది."

"ఎందుకు?" అన్నాను. ఎందుకో అప్పటికే తెలుసు.

"ఆపరేషన్ అయినంక కొన్నిరోజులు వంగొద్దు, ఖరాబు పని ముట్టుకోవద్దు అన్నడు. మరి నాయిన సంచి ఎవరు మారుస్తరు, నాయిన చేతులు పనిచేస్తలేవు గదా అన్నది."

మా ఆవిడ మిషన్ ముందు కూర్చుని ఉంది. సూదిలో ఎర్ర దారం ఉంది, పొద్దున నేనే ఎక్కించింది. నాకు తెలియదని ఎవరికి చెప్పుకోను? చూపు ఆనుతున్న మనిషి సూదిలో దారం కోసం ఇంకొకరిని పిలవదు. చేతులు పనికిరాని మనిషి ఆ దారం ఎక్కించలేడు. ఆమె కళ్ల సంగతీ, నా చేతుల సంగతీ పొద్దున్నే చాయ్ తర్వాత ఆ సూది నాకు చెబుతూనే ఉంది. నేను మీసం దువ్వుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కోయలేని నేను కోసిన మనిషిని ఆటోవాడి ముందు తిట్టాను. సిగ్గుతో నా ఒళ్లు చచ్చిపోయింది. కాన్సర్ అని తెలిసిన రోజు కూడా నా మీద నాకు అంత రోత కలగలేదు.

"ఏం పరేషాన్ గాకు. వారం రోజులు లీవు పెట్టి నేనొచ్చి చేస్త" అంది అమ్మాయి.

మా ఆవిడ వెంటనే అందుకుంది. "పిల్లతోని చేయిస్తవా గా పని? వద్దు. కండ్లు ఏడికి పోతయి, మల్ల చూద్దాం తీ."

అంటే మళ్లీ వాయిదా. ఎన్నాళ్లకని? నా చేతకానితనం మీద ఆమె కళ్లు ఆధారపడి ఉన్నాయి. నేను నేర్చుకుంటే ఆమెకు చూపు ఉంటుంది, లేకపోతే లేదు.

"ఎవ్వరొద్దు, నేనే చేసుకుంట" అన్నాను.

రైలు నేను నడుపుతానన్నట్టు తల్లీకూతుళ్లిద్దరూ నన్ను చూశారు. అదీ నా మీద మా ఇంట్లో ఉన్న నమ్మకం. నాకే లేనప్పుడు వాళ్లకెక్కడిది?

మర్నాడు పొద్దున స్టూలు మీద కూర్చుని మొదటిసారి కిందికి చూశాను. ఎర్రగా, తడిగా, మెల్లగా కదులుతోంది. ఆమె చెప్పినట్టు మొగ్గే. ఇంతకాలం నేను తల తిప్పుకున్నది దీన్నుంచా అనిపించింది. భయం పోలేదు, కానీ కొలతలు తీయాలన్న బుద్ధి పుట్టింది. కొలతలంటే నాకు ధైర్యం. పాత ఆకురాయి బయటికి తీశాను. పల్చటి అల్యూమినియం రేకు కోసి, మొగ్గ చుట్టుకొలతకు సరిగ్గా గేజీ, అంటే కొలత రేకు, తయారుచేశాను. అంచులు నున్నగా రాశాను. దాన్ని పెట్టి బిళ్ల కోస్తే, మొగ్గకూ బిళ్లకూ మధ్య దారం దూరే సందు లేదు. ఇరుసు షాఫ్టుకు బుష్ తొడుగు ఎక్కించినట్టు కూర్చుంది. అమ్మాయికి ఫోన్ చేసి గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మర్నాడు సాయంత్రం సంచిలో రక్తం కనిపించింది.

నొప్పి లేదు. మొగ్గకు నొప్పి తెలియదని నర్సమ్మ ఎప్పుడో చెప్పింది, కానీ ఆ క్షణంలో అదేదీ గుర్తు రాలేదు. కాన్సర్ తిరిగొచ్చిందనుకున్నాను. గడియారంలో సెల్లు మార్చినంత పని అని నేను ధైర్యం చెప్పిన మనిషి గుర్తొచ్చాడు. అతనింట్లో అతను ఒక్కడే ఇలా రక్తం చూసుకుంటూ కూర్చుని ఉంటే నా మాటలు అతనికి ఏ మూలకు? గట్టిగా అరిచి మా ఆవిడను పిలిచాను.

ఆమె గోడ పట్టుకుంటూ వచ్చింది. చేతులు కడుక్కుని బిళ్ల అంచు చుట్టూ వేలితో తడిమింది.

"గింత టైటు కోస్తివేందయ్యా! జాకెట్టుకు సుత జెర లూజు ఇడుస్తం. మనిషి కూసుంటడు, లేస్తడు, తింటడు. మొగ్గ ఉబ్బుతది, తగ్గుతది. అది ఇనుమా ఏందీ?"

నర్సమ్మకు ఫోన్ చేస్తే ఆమె కూడా అదే చెప్పింది. బిళ్ల అంచుకు ఒరుసుకుని వచ్చిన కొద్దిపాటి రక్తమేననీ, ఆగకపోతే రమ్మనీ, చుట్టూ కొంచెం సందు వదిలి కోయమనీ చెప్పింది. తిరిగే షాఫ్టుకు సందు వదలాలని నేను ఎంతమందికి నేర్పానో! నా ఒంట్లోనిదాన్ని మాత్రం చచ్చిన ఇనుమనుకున్నాను. గేజీని విసిరికొట్టాను. ఇక నావల్ల కాదని, ఎప్పట్లాగే ఆమె చేతికి కత్తెర ఇవ్వబోయాను.

ఆమె తీసుకోలేదు. "మల్ల కొయ్యి. నేను ఈడనే ఉంట" అని వెళ్లి తలుపు అవతల నిలబడింది. నేనడిగినది ఆమె కాదనడం నా కాపురంలో నేను మొదటిసారి చూశాను. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. మళ్లీ కోశాను.

మొదటి కన్ను ఆపరేషన్ రోజు కంటాసుపత్రి హాల్లో వరసగా కూర్చున్న ముసలివాళ్లందరి కళ్లలో చుక్కలు వేస్తున్నారు. మా ఆవిడకు ఆకుపచ్చ గౌను తొడిగారు. అమ్మాయి కాగితాల పనిమీద కిందికి వెళ్లింది. నాకు పొట్ట మీద బిళ్ల అంచు లేచినట్టు తెలిసింది. గుడ్డ సంచీ తీసుకుని బాత్రూములోకి పరిగెత్తాను. అక్కడ స్టూలు లేదు, సామాను పెట్టుకునే చోటు లేదు, దీపం గుడ్డిగా ఉంది. తలుపు అవతల ఎవరూ లేరు. కత్తెర పట్టుకుంటే నా చేతులు వణికాయి. ఇన్నాళ్లు నేను చెప్పిన అబద్ధం ఆ రోజు నిజమైంది. గోడకు వీపు ఆనించి, చొక్కా అంచు పళ్లతో పట్టుకుని, తుడిచి, ఆరబెట్టి, చుట్టూ సందు వదిలి కోసి, అంటించి, అది వేడెక్కి పట్టుకునేదాకా అరచేయి ఆనించి నిలబడ్డాను. చాలాసేపు పట్టింది.

బయటికొచ్చేసరికి హాల్లో గోల. ఆపరేషన్ గది తలుపు దగ్గర చక్రాల కుర్చీలో మా ఆవిడ. ఆమె వంతు వచ్చి దాటిపోతోంది. కుర్చీ తోసేవాడు విసుక్కుంటున్నాడు. "మా ఆయన రానీ, పోత" అని మొండికేసి కూర్చుందట. నేను దగ్గరికెళ్లగానే మందు చుక్కలతో మసకబారిన కళ్లు నావైపు ఎత్తింది. భయమేస్తోందంటుందేమో, చెయ్యి పట్టుకుందామనుకున్నాను.

"మంచిగ అతికిందా?" అంది.

"అతికింది."

"లూజు ఇడిస్తివా?"

"ఇడిసిన."

"ఇగ పా బిడ్డా" అంది కుర్చీ తోసేవాడితో.

తలుపులు మూసుకున్నాయి. తన కన్ను కోయించుకోవడానికి పోతూ కూడా ఆమె నా పొట్టనే మోసుకుపోయింది. నేను బాత్రూములో గెలిచిన గెలుపంతా అక్కడే నీరుకారిపోయింది.

కంటికి కట్టిన మూత తీశాక కొన్నాళ్లకు, ఒక పొద్దున నేను స్టూలు మీద కూర్చుని పాత బిళ్ల విప్పుతుంటే ఆమె తువ్వాలు ఇవ్వడానికి లోపలికొచ్చింది. నా పొట్ట ఆమెకు స్పష్టంగా కనబడడం చాలాకాలం తర్వాత అదే మొదటిసారి. మొగ్గ చుట్టూ మానిన పుండ్ల నల్లమచ్చలు అరచేతి మేర ఉన్నాయి. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గింత పుండు జేసిన్నా నేను? ఎట్ల ఓర్చుకున్నవయ్యా? నా చేతులిరగ!"

వెలుగొచ్చిన కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ కంటికి నీళ్లు మంచివి కావని డాక్టరు చెప్పిన మాటే నాకు ముందు గుర్తొచ్చింది. నా తప్పును ఆమె తన నెత్తిన వేసుకుని ఏడుస్తుంటే ఇక నోరు మూసుకుని ఉండలేకపోయాను.

"నువ్వు జేసింది కాదే. నా చేతులు ఎప్పుడో మంచిగైనయ్. నేనే చెప్పలే."

ఆమె కళ్లొత్తుకుంది. ఆశ్చర్యపోలేదు.

"ఎర్కే. రోజూ సూదిల దారం ఎక్కిస్తుంటివి, నాకు ఆ మాత్రం తెల్వదా?"

"మరి అడగకపోతివేందే?"

"అడిగితే చేస్తుంటివా?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆమె నా ముఖంలోకి చూస్తోంది, ఇప్పుడు ఆమెకు బాగా కనబడుతోంది.

"చెయ్యకపోతుంటి" అన్నాను.

"గందుకే అడగలే" అంది. తువ్వాలు నా భుజం మీద వేసి వెళ్లిపోయింది.

రెండో కన్ను కూడా అయ్యాక, మిషన్ తొక్కొచ్చని డాక్టరు చెప్పిన మర్నాడు, చాయ్ తాగి అలవాటుగా ఆమె దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆమె నన్ను పిలవలేదు. దారం కొస నోట్లో తడుపుకుని, సూది వంక చూసి, తనే ఎక్కించుకుంది. నేను కత్తెర తీసుకుని స్నానాల గదిలోకి వెళ్లాను.